బెయిల్ వచ్చాక పీడీ యాక్ట్: హక్కుల అధ్యాయంలోనే మిగిలిపోయిన సందు

జిల్లా పేజీల్లో తరచూ ఓ చిన్న వార్త కనిపిస్తుంది. ఫలానా వ్యక్తిపై పీడీ యాక్ట్ (ముందస్తు నిర్బంధ చట్టం) పెట్టారు, జైలుకు తరలించారు అని. పాత కేసుల చిట్టా అందులో ఉంటుంది. ఆ కేసుల్లో శిక్ష పడిందా, కనీసం విచారణ మొదలైందా అన్నది మాత్రం ఉండదు. పీడీ యాక్ట్‌కు ఆ రెండూ అవసరం లేదు. చేసిన నేరానికి వేసే శిక్ష కాదది. మళ్లీ చేస్తాడేమోనన్న అనుమానంతో మనిషిని ముందే లోపల పెట్టడం. ఏ కోర్టూ దోషి అనకుండానే ఏడాది వరకు జైల్లో ఉంచవచ్చు.

తెలుగు రాష్ట్రాలు రెండూ వాడుతున్నది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1986లో వచ్చిన చట్టమే. పోలీస్ కమిషనరో కలెక్టరో ఆర్డర్ ఇస్తారు. 12 రోజుల్లో ప్రభుత్వం ఆమోదించాలి. 3 వారాల్లో ఫైలు, నిర్బంధానికి తగిన కారణం ఉందో లేదో చెప్పే సలహా మండలికి వెళ్లాలి. నిర్బంధించిన నాటి నుంచి 7 వారాల్లో మండలి రిపోర్టు ఇవ్వాలి. ఆ మండలి ముందు నిలబడే మనిషికి లాయర్‌ని పెట్టుకునే హక్కు లేదు. జేబు కొట్టేసిన కేసులో కూడా కోర్టులో లాయర్ ఉంటాడు. ఏడాది జైలును తేల్చే చోట ఉండడు.

ఇది రాజ్యాంగానికి విరుద్ధం కదా అనిపిస్తుంది. కాదు, రాజ్యాంగంలోనే ఉంది. 22వ అధికరణం మొదటి రెండు క్లాజులు ఎంతో విలువైనవి. అరెస్టు చేస్తే కారణం చెప్పాలి, లాయర్‌ని కలవనివ్వాలి, 24 గంటల్లో మేజిస్ట్రేట్ ముందు హాజరుపరచాలి. మూడో క్లాజుకు వచ్చేసరికి, ముందస్తు నిర్బంధంలో ఉన్నవాళ్లకు ఇవేవీ వర్తించవని రాసి ఉంది. హక్కు ఇచ్చిన పేజీలోనే మినహాయింపూ ఉంది.

1949 సెప్టెంబర్ 15న అంబేడ్కర్ ఈ అధికరణాన్ని ప్రతిపాదించినప్పుడు రాజ్యాంగ సభలో గట్టి చర్చే జరిగింది. చట్టం నిర్దేశించిన పద్ధతిలో తప్ప ఎవరి ప్రాణాన్నీ స్వేచ్ఛనూ హరించరాదనే 21వ అధికరణం బలహీనంగా తయారైందన్న అసంతృప్తి అప్పటికే సభ్యుల్లో ఉంది. దాన్ని కొంతైనా పూడ్చడానికే ఇది తెస్తున్నానన్నారు ఆయన. మహావీర్ త్యాగి లేచి, ముసాయిదా కమిటీ సభ్యులకు జైలు అనుభవం ఉండి ఉంటే బాగుండేదన్నారు. ఆయన స్వాతంత్ర్యోద్యమంలో జైలుకు వెళ్లొచ్చిన మనిషి. విచారణ లేకుండా లోపల ఉండటం అంటే ఏమిటో తెలిసినవాళ్లు ఆ సభలో చాలామంది ఉన్నారు. అయినా ఆ క్లాజులు ఉండిపోయాయి. దేశ విభజన గాయాలు, హైదరాబాద్ పరిణామాలు, తెలంగాణ సాయుధ పోరాటం అన్నీ కళ్లముందున్న కాలమది. వాళ్ల భయాన్ని నేను అర్థం చేసుకోగలను. ఆ భయం ఆధారంగా చేసిన ఏర్పాటు 75 ఏళ్ల తర్వాత గొలుసు దొంగతనం కేసుల దాకా రావడమే నన్ను బాధిస్తున్నది.

రాజ్యాంగం అమల్లోకి వచ్చిన నెలకే, 1950 ఫిబ్రవరి 26న కేంద్రం ముందస్తు నిర్బంధ చట్టం తెచ్చింది. మద్రాసు రాష్ట్రంలో జైల్లో ఉన్న కమ్యూనిస్టు నాయకుడు ఏకే గోపాలన్ దాన్ని సుప్రీంకోర్టులో సవాలు చేశారు. ఒక్క సెక్షన్ కొట్టేసి మిగతా చట్టాన్ని కోర్టు నిలబెట్టింది. 21వ అధికరణం చెప్పే ‘చట్టం నిర్దేశించిన పద్ధతి’ న్యాయంగా, సహేతుకంగా కూడా ఉండాలన్న మాట మేనకా గాంధీ కేసులో వచ్చింది. అది 1978లో.

మన దగ్గరికొద్దాం. ఉద్యోగాలిప్పిస్తానని డబ్బులు తీసుకున్నాడన్న కేసుల్లో బెయిల్ పొందిన ఒక వ్యక్తిపై 2021 మేలో తెలంగాణలో పీడీ ఆర్డర్ వచ్చింది. సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది 2022 ఏప్రిల్ 4న. గెలిచాడు, సరే. ఆర్డర్‌కీ తీర్పుకీ మధ్య దాదాపు 11 నెలలు గడిచాయి. వాటిని ఎవరు తిరిగి ఇస్తారు? 2023 సెప్టెంబర్‌లో మరో కేసులో కోర్టు ఇంకా కటువుగా మాట్లాడింది. దేశం స్వాతంత్ర్య అమృతోత్సవాలు జరుపుకుంటుంటే తెలంగాణలో కొందరు పోలీసు అధికారులు ప్రాథమిక హక్కులనే మరిచిపోతున్నారని వ్యాఖ్యానించింది. 2024 మార్చిలో దొంగతనాల కేసులో మూడోసారి చెప్పాల్సి వచ్చింది. సలహా మండళ్లు రబ్బరు స్టాంపుల్లా ఉండకూడదని కూడా ఆ తీర్పులోనే ఉంది.

ఈ కేసుల్లో కోర్టు ప్రధానంగా చూసేది ఒక తేడా. ఒక ఇంట్లో దొంగతనం జరిగితే అది లా అండ్ ఆర్డర్ సమస్య. ఊరంతా తలుపులు వేసుకుని బయటికి రాలేని పరిస్థితి వస్తే అది పబ్లిక్ ఆర్డర్ సమస్య. 1960లలో రామ్ మనోహర్ లోహియా కేసులోనే సుప్రీంకోర్టు ఈ గీత గీసింది. పీడీ యాక్ట్ రెండోదానికే. తెలుగు వార్తల్లో మనం రెండింటినీ ‘శాంతిభద్రతలు’ అనే రాస్తాం. ఆ ఒక్క మాటలో తేడా మొత్తం కొట్టుకుపోతుంది. ఇది మా పత్రికల వాళ్లం సరిచేసుకోవాల్సిన తప్పు.

పాఠకుల్లో చాలామంది నాతో ఏకీభవించరని తెలుసు. నకిలీ విత్తనాలు అమ్మి రైతును ముంచినవాడి మీద పీడీ పెట్టాలని ఊళ్లలో అడుగుతారు. అడగడంలో తప్పు లేదు. మొలక రాని చేను ముందు నిలబడ్డ మనిషికి రాజ్యాంగ చర్చ వినిపించదు. తెలంగాణలో నకిలీ విత్తనాలు, కల్తీ ఆహారం, సైబర్ నేరాలు, ఆర్థిక నేరాలు అన్నీ ఈ చట్టం పరిధిలోకి వచ్చింది కూడా ఆ కోపం వల్లే. కానీ ఆ రైతుకు పీడీ వల్ల ఒరిగేదేమిటి? నిందితుడు ఏడాదికి బయటికొస్తాడు. అసలు కేసు అలాగే పెండింగ్‌లో ఉంటుంది. శిక్షా పడదు, పరిహారమూ రాదు. విచారణ త్వరగా జరిపించే పని పక్కకు పోయి, ఆర్డర్ మీద సంతకం చేసే పని ముందుకొస్తుంది. బెయిల్ తప్పనుకుంటే పై కోర్టులో రద్దు చేయించే దారి పోలీసులకు ఎప్పుడూ ఉంది. ఆ దారిలో జడ్జి ముందు కారణాలు చూపాలి. పీడీలో ముందు జైలు, తర్వాతే ప్రశ్నలు.

హైకోర్టుకు వెళ్లి హెబియస్ కార్పస్ (అక్రమంగా నిర్బంధించిన మనిషిని విడిపించాలని కోరే పిటిషన్) వేయగలిగినవాళ్లు బయటపడుతున్నారు. లాయర్ ఫీజు కట్టలేని కుటుంబం ఏడాది గడిచేదాకా ములాఖత్‌ల కోసం జైలు గేటు దగ్గర నిలబడుతుంది. అందుకే సలహా మండలి ముందు లాయర్‌ని అనుమతించాలి, స్తోమత లేనివాళ్లకు ప్రభుత్వమే పెట్టాలి. ఆర్డర్ అక్రమమని తేలిన ప్రతిసారీ జైల్లో గడిచిన రోజులకు పరిహారం ఇవ్వాలి.

ఇంకో పని దిల్లీలో ఆగిపోయి ఉంది. ఎమర్జెన్సీలో మీసా (అప్పటి అంతర్గత భద్రతా చట్టం) కింద వేలమందిని లోపల పెట్టిన తర్వాత, 1978లో పార్లమెంటు 44వ సవరణ చేసింది. మండలి అభిప్రాయం లేకుండా నిర్బంధించే గడువును 3 నెలల నుంచి 2 నెలలకు తగ్గించింది. హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి సిఫార్సు మేరకే మండలి ఏర్పడాలని చెప్పింది. ఆ సవరణలోని ఈ మూడో సెక్షన్‌ను కేంద్రంలో ఏ పార్టీ ప్రభుత్వమూ అమల్లోకి తేలేదు. ఇప్పుడు దానికి కొత్త బిల్లు అక్కర్లేదు, సభలో ఓటింగ్ అక్కర్లేదు. గెజిట్‌లో ఒక్క నోటిఫికేషన్ ఇస్తే చాలు.