కచ్చా పుస్తకం మూసేశారా?

మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు. కొత్త సాఫ్ట్‌వేర్ పెట్టి ఏడాదిన్నర అయింది. ఓనరు గారి గదిలో గోడకు పెద్ద స్క్రీన్, దాని మీద కొనుగోళ్లు ఒక రంగు, అమ్మకాలు ఇంకో రంగు. టీ తాగుతూ మాటల మధ్యలో అడిగాను, నిన్న ఎన్ని ట్రాక్టర్లు దిగాయని. ఆయన స్క్రీన్ వైపు తల కూడా తిప్పలేదు. ఫోన్ తీసి కాంటా గదిలోని గుమాస్తాకు కలిపారు. "నలభై మూడు సార్" అని జవాబు వచ్చింది. కాగితాలు తిరగేస్తున్న చప్పుడు కూడా వినిపించింది.

ఆ చప్పుడు కచ్చా పుస్తకానిది, అంటే ఏ రోజు లెక్క ఆ రోజు చేత్తో రాసుకునే చిత్తు పుస్తకానిది. లక్షలు పోసి సాఫ్ట్‌వేర్ కొన్న చోట ఆ ప్రాజెక్టు గెలిచిందా ఓడిందా అని ఎవరైనా అడిగితే, నేను రిపోర్టులు చూడను. కచ్చా పుస్తకం ఇంకా నడుస్తోందా అని చూస్తాను. నడుస్తోందంటే సాఫ్ట్‌వేర్ ఉన్నట్టే లెక్క, పని చేస్తున్నట్టు కాదు.

అది ఎందుకు మూతపడదో తెలియాలంటే ముందు వడ్ల సంగతి చూడాలి. సాగర్ ఎడమ కాలువ కింద కోత మిషన్ కోసిన పచ్చి వడ్లు పొలం నుంచి నేరుగా మిల్లుకు వస్తాయి. 28 శాతం తేమతో 100 కిలోలు కొన్నారనుకుందాం. ఆరబెట్టి 14 శాతానికి దించితే మిగిలేది 84 కిలోలకు కాస్త తక్కువే. ఎవరూ దొంగిలించలేదు, నీళ్లు పోయాయంతే. కానీ బిస్కెట్ డిస్ట్రిబ్యూటర్ కోసం తయారైన ప్రోగ్రాముకు ఈ సంగతి తెలియదు. కొన్నదాంట్లోంచి అమ్మింది తీసేసి, మిగతాది గోదాములో ఉండాలంటుంది. 16 కిలోలు ఏవని అడుగుతుంది. నెలాఖరున అకౌంటెంట్ ఒక సర్దుబాటు ఎంట్రీ కొట్టి దాని నోరు మూయిస్తాడు. రెండు నెలలు అలా జరిగాక తెర మీది స్టాకును మిల్లులో ఎవరూ నమ్మరు. ఇక అసలు లెక్క ఎక్కడ ఉంటుంది? ఎర్ర అట్ట కచ్చా పుస్తకంలో.

దీనికి తోడు సర్కారు ధాన్యం. సర్కారు వడ్లను మిల్లు ఆడించి బియ్యంగా తిరిగిచ్చే సీఎంఆర్ (కస్టమ్ మిల్లింగ్ రైస్) కింద క్వింటాలు వడ్లకు పచ్చి బియ్యమైతే 67 కిలోలు, బాయిల్డ్ అయితే 68 కిలోలు తిరిగి ఇవ్వాలి. అవి, సొంతంగా కొన్న వడ్లు ఒకే ఆవరణలో ఉంటాయి. రెండింటి లెక్కా ఎప్పటికీ కలవకూడదు. నూక, తవుడు, ఊక, గన్నీ సంచులు కూడా వేటికవే. "ఇది మీ సాఫ్ట్‌వేర్‌లో ఎక్కడ రాయాలి?" అని అడిగితే డెమో ఇవ్వడానికి వచ్చిన అబ్బాయి "కస్టమైజ్ చేద్దాం సార్" అంటాడు. బిల్లు పెరగడం ఆ మాటతోనే మొదలవుతుంది.

అన్నీ మనకు తగ్గట్టు మార్పించుకోవడమూ ప్రమాదమే. జర్మనీ సూపర్ మార్కెట్ల సంస్థ లిడిల్ 2011లో ఎస్ఏపీ అనే పెద్ద కంపెనీల సాఫ్ట్‌వేర్ ఆధారంగా కొత్త వ్యవస్థ మొదలుపెట్టి, 2018లో ఆపేసింది. అప్పటికి సుమారు 50 కోట్ల యూరోలు ఖర్చయ్యాయని వార్తలొచ్చాయి. అప్పట్లో గట్టిగా చర్చకొచ్చిన ఒక కారణం వింటే నవ్వొస్తుంది. ఆ సాఫ్ట్‌వేర్ సరుకు విలువను అమ్మకం ధర మీద కడుతుంది, లిడిల్‌కు కొన్న ధర మీద కట్టడం అలవాటు. అలవాటు మార్చుకోలేక సాఫ్ట్‌వేర్‌ను వంచుతూ పోయారు.

వడ్లలో తేమ తరగడం మన అలవాటు కాదు, వడ్ల స్వభావం. అక్కడ సాఫ్ట్‌వేరే వంగాలి. సరుకు దిగాక చిట్టీ మీద రేటు కొట్టేసి ఇంకో రేటు రాయడం మాత్రం అలవాటు. అక్కడ మనం వంగాలి. ఏది ఏదో తేల్చాల్సింది ఓనరు, అమ్మేవాడు కాదు. అది కూడా డెమోకు ముందే. ఇంకో రకం కచ్చా పుస్తకం ఉంది, పక్కా పుస్తకంలోకి ఎక్కకూడని లెక్కల కోసం పెట్టేది. దానికి ఏ సాఫ్ట్‌వేరూ మందు కాదు. అలాంటి మిల్లు ఓనరు డబ్బు దండగ చేసుకోకుండా మామూలు అకౌంట్ల ప్రోగ్రాము టాలీతో సరిపెట్టుకోవడం మంచిది.

డెమో అంటే వాళ్ల డేటాతో వాళ్లు ఆడే ఆట. అందులో కరెంటు పోదు, నెట్ ఆగదు, తూకం వేసిన ట్రాక్టరు బేరం కుదరక వెనక్కి పోదు. సీజన్ నడుమ బాగా రద్దీగా ఉన్న ఒక రోజు చిట్టీలన్నీ కట్ట కట్టి తీసుకుపోండి. తాలు పేరుతో కిలోలు కోసినవి, సగం డబ్బు రైతుకు, సగం కమీషన్ ఏజెంటుకు పోయినవి, చదవడానికి రాని చేతిరాతవి, అన్నీ. వాటిని మన కాంటా మనిషితోనే ఎక్కించండి. అతను తడబడిన ప్రతిచోటా ఒక ప్రశ్న దొరుకుతుంది. బ్రోచర్లో దొరకని ప్రశ్నలవి.

తేదీ విషయంలో మన దగ్గర ఎప్పుడూ జరిగే పొరపాటు ఒకటుంది. కొత్త ఆర్థిక సంవత్సరం కదా, ఏప్రిల్ 1న మొదలుపెడదాం అంటారు ఆడిటర్లు. ఏప్రిల్ అంటే యాసంగి కోతలు. గేటు బయట ట్రాక్టర్ల బారు, లోపల కొత్త స్క్రీన్ ముందు చెమటలు పడుతున్న గుమాస్తా. ఆ టెన్షన్‌లో ఎవరైనా పుస్తకమే అందుకుంటారు. అమెరికాలో హెర్షీ చాక్లెట్ కంపెనీ 1999లో చేసింది ఇదే. 11.2 కోట్ల డాలర్ల ప్రాజెక్టుకు నాలుగేళ్లు కావాలన్నా, 30 నెలల్లో ముగించాలని తొందరపడింది. చివరికి అక్కడ చాక్లెట్లు బాగా అమ్ముడుపోయే హాలోవీన్ పండుగ ఆర్డర్లు వచ్చే వేళకు లైవ్ చేసింది. చాక్లెట్లు గోదాముల్లో ఉన్నాయి, 10 కోట్ల డాలర్ల ఆర్డర్లు మాత్రం బయటికి పోలేదు. మిల్లుకైతే యాసంగి వడ్ల రద్దీ తగ్గాక, జులైలోనో ఆగస్టులోనో మొదలుపెట్టాలి. ఓపెనింగ్ బ్యాలెన్సులు నడుమలో ఎక్కించడం అకౌంటెంటుకు రెండు రోజుల అదనపు పని, అంతే.

ఒకేసారి అంతా మార్చాల్సిన పనీ లేదు. తెలంగాణ భూమి రికార్డుల పోర్టల్ ధరణిని 2020 అక్టోబరు 29న రాష్ట్రమంతటికీ ఒకేసారి తెచ్చారు. 2025లో దాని స్థానంలో వచ్చిన భూభారతికి మాత్రం మొదట నాలుగు మండలాలనే పైలట్‌గా ఎంచుకున్నారు, అందులో మన నారాయణపేట జిల్లా మద్దూరు ఒకటి. భూమి రికార్డుకూ మిల్లు లెక్కకూ పోలిక పూర్తిగా కుదరదు కానీ, ముందు కాంటా, అది కుదిరాక స్టాకు, ఆ తర్వాతే చెల్లింపులు అని వెళ్తే తప్పు ఎక్కడ పుట్టిందో దొరుకుతుంది.

డబ్బు సంగతి రెండు మాటల్లో. కొనే ధర కంటే నిర్వహణకు ఏటా కట్టే ఏఎంసీ, మార్పులకు అడిగే ఛార్జీ ముఖ్యం. 2022 జులై 18 నుంచి 25 కిలోల దాకా లేబుల్ వేసిన బియ్యం బస్తాలపై 5 శాతం జీఎస్టీ వచ్చింది. వెంటనే ఆ పన్ను పడకుండా మార్కెట్లోకి 26 కిలోల బస్తాలు వచ్చాయి. అలాంటి మార్పు రేపు వస్తే ఎన్ని రోజుల్లో, ఎంతకు చేసిస్తారో ముందే రాయించుకోవాలి. ఆఖరి వాయిదా ఒక పూర్తి సీజన్ గడిచాకే ఇవ్వాలి.

టీ అయిపోయాక కాంటా గదికి వెళ్లాను. గుమాస్తాకు యాభై దాటి ఉంటాయి. సాఫ్ట్‌వేర్ ఎందుకు వాడటం లేదని అడిగితే, "నాకు పాస్‌వర్డే ఇయ్యలేదు సార్" అన్నాడు. విషయమేమిటంటే ముగ్గురు యూజర్ల లైసెన్సు కొన్నారు. ఓనరుకు ఒకటి, కొడుకుకు ఒకటి, అకౌంటెంటుకు ఒకటి. నాలుగోదానికి ఖర్చెందుకని ఆగారు. వడ్లు మిల్లులోకి వచ్చే గేటు దగ్గర లెక్క రాసే మనిషే ఆ నాలుగోవాడు.

ఓనరు గారు ఆ రోజే నాలుగో లైసెన్సుకు ఫోన్ చేశారు. పుస్తకం తీసేయమంటారా అని అడిగారు. ఒక సీజన్ రెండూ నడవనీయండి, కానీ అట్ట మీద ఆఖరి తేదీ వేయించండి అన్నాను. గుమాస్తా వేశాడు, పెన్సిల్‌తో.