సవరణ: బిగుసుకుపోయిన గేర్ నాబ్ గురించి

గేర్ నాబ్ (గేర్ రాడ్ పైనుండే పిడి) విప్పేటప్పుడు తిరగకపోతే తుప్పు వదిలించే స్ప్రే కొట్టి, కాసేపు ఆగి పట్టకారుతో తిప్పండని ముందటి పోస్టులో ఉంది కదా, ఆ భాగాన్ని ఇలా మార్చి చదవండి.

స్ప్రే పనిచేసేది తుప్పు మీద. కారు లోపల తడి తక్కువ కాబట్టి నాబ్ తుప్పుతో పట్టేయడం అరుదు, ఎక్కువగా మరలు వదులు కాకుండా రాసిన థ్రెడ్‌లాకర్ జిగురే పట్టుకుని ఉంటుంది, దానికి కావాల్సింది వేడి. హెయిర్ డ్రయర్‌తో నాబ్‌ని బాగా వేడెక్కించి, వేడి మీదుండగానే గ్లౌజులు వేసుకుని అపసవ్య దిశలో తిప్పండి. నీలం రకం జిగురైతే చాలావరకు వదిలేస్తుంది. ఎరుపు రకానికి దాదాపు 250 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి, అంత వేడికి ప్లాస్టిక్, లెదర్ ఏవీ మిగలవు, ఇక నాబ్‌ని కోసి తీయడమే దారి (కొత్తది ముందే తెచ్చిపెట్టుకోండి!).

పట్టకారు నేరుగా వేస్తే గీతలు ఖాయం, గుడ్డ చుట్టి పట్టీ రెంచ్ (పట్టీతో చుట్టి పట్టుకుని తిప్పే పనిముట్టు) వాడండి. ఇంకో చేత్తో గేర్ రాడ్‌ని కదలకుండా గట్టిగా పట్టుకోవాలి, లేకపోతే ఆ మెలి అంతా కింద లింకేజ్ (రాడ్‌ని గేర్‌బాక్స్‌కి కలిపే భాగాలు) మీద పడుతుంది. నాబ్ కింద దాన్ని బిగించి ఉంచే లాక్ నట్ ఉంటే ముందు దాన్ని కిందికి దిగేలా వదులు చేయండి.

అసలు మరలే లేని నాబ్‌లూ ఉన్నాయి: క్లిప్పుతోనో చిన్న స్క్రూతోనో ఆగుతాయి. వాటిని తిప్పితే విరుగుతాయి, కాబట్టి రాడ్ చుట్టూ ఉండే తొడుగు ఎత్తి చూశాకే చెయ్యి వేయండి.