నీ కార్జం తింటా అన్నోడు ఏ పక్షం?

హైదరాబాద్‌లో ఇరవయ్యేళ్ళుగా ఇరానీ చాయ్ తాగుతున్న అర్హతతో ఇరాన్ నిపుణుడైపోయిన ఒకాయన నాకు గ్రాఫ్ పంపాడు. 2025 జూన్ 13న ఇజ్రాయెల్ బాంబులు మొదలైన దగ్గర్నుంచి 24న కాల్పులు ఆగేదాకా, బయటి దేశాలొచ్చి కొట్టడం గురించి ఇరానోళ్ళు ఆన్‌లైన్‌లో ఏమంటున్నారో గంటగంటకీ లెక్క. పచ్చ గీత అంటే రండి కొట్టండి, ఎర్ర గీత అంటే వద్దు. చాలా అందంగా ఉంది, చీర అంచుకి వేయించుకోవచ్చు.

బానే ఉంది గానీ, జూన్ 18న అక్కడి ప్రభుత్వం ఇంటర్నెట్ దాదాపు మొత్తం ఆపేసింది కదండీ. దేశం మొత్తం చీకట్లో ఉంది, వాట్సాప్‌లో పంపిన మెసేజ్‌కి రెండో టిక్కు పడట్లేదు. ఈయన గీతలు మాత్రం ఆ రోజుల్లో కూడా హాయిగా ఎక్కుతున్నాయి, దిగుతున్నాయి. కరెంటు లేని ఊళ్ళో మీటర్ తిరుగుతుంటే లైన్‌మన్‌కైనా డౌటొస్తుంది, ఈయనకి రాలా. అడిగితే "ట్రెండ్ కంటిన్యూ అయింది సార్" అన్నాడు. ఎవరు కంటిన్యూ చేశారు స్వామీ, ఎప్పుడో లాస్ ఏంజెలెస్‌కి వలసపోయి సోఫా మీద కూర్చున్న ఇరానాయనా?

"వాళ్ళ భాష, పర్షియన్, అంతా మెషీనే చదువుద్ది" అంట. చదువుద్దిలే. ముద్దొస్తే వాళ్ళు "జిగరెతో బొఖొరమ్" అంటారు, నీ కార్జం తినేస్తా అని (మన జిగ్రీ దోస్త్‌లో ఉన్న జిగరే అది). మెషీన్‌కి అది హింస. ఫోన్ పెట్టేసే ముందు మామూలుగా అనే "ఘొర్బానెత్ బెరమ్", నీకోసం బలైపోతా, అది ఆత్మాహుతి దళం. ఇప్పుడు తెహ్రాన్‌లో ఒక పిల్ల ఉందనుకోండి, అర్ధరాత్రి నిద్రపట్టక ఖమేనీని తిట్టింది, తెల్లారి పక్కవీధిలో అపార్ట్‌మెంట్ కూలితే నెతన్యాహూని తిట్టింది, ఈలోపు ట్రంప్ అందరూ వెంటనే తెహ్రాన్ ఖాళీ చేయండని పోస్ట్ పెట్టాడు, కోటి మంది ఊరు, ఉత్తరం వైపు రోడ్లన్నీ జామ్, నాన్నకేమో మోకాళ్ళ నొప్పులు, ఇక ముగ్గుర్నీ కలిపి తిట్టింది, సాయంత్రం వాళ్ళ పిన్నికి "నీ కార్జం తినా, బానే ఉన్నావా" అని పెట్టింది. ఈయన గ్రాఫ్‌లో ఆ పిల్ల ఒక్కరోజులో మూడు పార్టీలు మారిన ఎమ్మెల్యే, చివర్లో పిన్నిని చంపబోయింది కూడా. దీనికి పేరు సెంటిమెంట్ షిఫ్ట్!

పైగా ఎక్స్, అదే పాత ట్విట్టర్, అక్కడ 2009 నుంచీ బ్లాక్. మామూలోడు ఫిల్టర్‌షెకన్, అంటే వీపీఎన్, పెట్టుకుని దూరాలి, దూరేసరికి వాడు జర్మనీవాడో హాలండ్‌వాడో అయిపోతాడు. 2025 నవంబర్‌లో ఎక్స్ ఏ అకౌంట్ ఏ దేశందో చూపించడం మొదలెడితే, వీపీఎన్ లేకుండా దర్జాగా "ఇరాన్" అని తేలినోళ్ళలో సర్కారు మనుషులు బయటపడ్డారు. వాళ్ళది సర్కారిచ్చే తెల్ల సిమ్ము, నెట్‌కి ఫిల్టర్ ఉండదు. అంటే లెక్కల్లో ఇరానోడు ఫారినరు, సర్కారోడు అచ్చమైన ఇరానోడు. అవతలేమో కెనడాలో ఇంటర్నెట్ మోసాల్ని తవ్వే సిటిజన్ ల్యాబ్ వాళ్ళు అదే ఏడాది అక్టోబర్‌లో బయటపెట్టిన యాభైకి పైగా దొంగ అకౌంట్లు, వాటి పనల్లా ప్రభుత్వం మీద తిరగబడండి అని జనాన్ని ఎగదొయ్యడం, వెనక ఇజ్రాయెల్ ఉందనే వాళ్ళ అంచనా. పచ్చ గీత పెరిగిందంట. పెరగదా మరి.

ఆ దొంగ అకౌంట్లే జూన్ 23న ఎవిన్ జైలు గేటు పేలిపోతున్న వీడియో తిప్పాయి, ఏఐతో చేసింది. ఇజ్రాయెల్ వేసిన బాంబు మాత్రం నిజమే. ఎవిన్ అంటే ఆ ప్రభుత్వాన్ని ఎదిరించినోళ్ళని కుక్కే జైలు. ఇజ్రాయెల్ విదేశాంగ మంత్రి గిడియాన్ సార్ ఆ రోజు "వివా లా లిబెర్తాద్", స్వేచ్ఛ వర్ధిల్లాలి, అని పోస్ట్ పెట్టాడు. స్పానిష్‌లో! కనీసం వాళ్ళ భాషలో కూడా కాదు. చచ్చినోళ్ళు 71 అని ముందు ఇరాన్ న్యాయశాఖ చెప్పింది, తర్వాత లెక్క 80కి పోయింది. అందులో ఖైదీలున్నారు, ములాఖత్‌కొచ్చిన ఇంట్లోవాళ్ళున్నారు. బతికిన ఆడ ఖైదీల్ని కర్చక్ జైలుకి తోలారు. వచ్చిన స్వేచ్ఛ అదీ, ఒక జైల్లోంచి ఇంకో జైల్లోకి. లోపలేసినోడి నోట్లో మన్ను పడ, పైనుంచి వేసినోడి నోట్లో మన్ను పడ అని ఒక తల్లి ఏడిస్తే దానికి నీ గ్రాఫ్‌లో రంగేదిరా? 1953లో ఇరాన్ ప్రధాని మొసద్దెగ్‌ని కూల్చి, అందులో మా చెయ్యుందని సీఐఏ ఒప్పుకునేసరికి 2013 వచ్చింది, ఆ అరవయ్యేళ్ళ అనుమానాన్ని గంటగంటకీ కొలుస్తావా నువ్వు?

'రా' అన్నాను, తెలుసు. వెనక్కి తీసుకోను.

నెట్ ఆపిన ఆ రోజుల్లోనే, బయటి దేశాల్లో ఉన్న పిల్లలు ఇంటికి ఫోన్ చేస్తే అమ్మ గొంతు బదులు ఇంగ్లిష్‌లో ఏదో మరబొమ్మ గొంతు పలికింది, మీరెవరో నాకు తెలీదన్నట్టు. మన గ్రాఫాయన దాన్ని పచ్చలో కలిపాడో ఎర్రలో కలిపాడో, ఈసారి చాయ్ దగ్గర కనపడితే అడగాలి.