టెస్టులు పాసయ్యాయి, రీఫండ్ తప్పింది

మాదాపూర్‌లో మా టీమ్ స్ప్రింగ్ బూట్ అనే జావా ఫ్రేమ్‌వర్క్‌తో రాసిన రీఫండ్ మాడ్యూల్‌కి టెస్టులన్నీ పాసయ్యాయి. సాయంత్రం రిలీజ్ చేశాం. రాత్రి తొమ్మిదింటికి ఫోన్లు మొదలయ్యాయి. 450 రూపాయలు వెనక్కి రావాల్సిన కస్టమర్‌కి నాలుగున్నర రూపాయలు వచ్చాయి. పేమెంట్ గేట్‌వే లెక్క పైసల్లో ఉంటుంది, మేం పంపింది రూపాయల్లో.

ముందే ఎందుకు దొరకలేదని చూస్తే, గేట్‌వేతో మాట్లాడే బీన్‌ని (స్ప్రింగ్ తయారుచేసి నడిపే ఆబ్జెక్ట్) మాక్ చేసి, అంటే టెస్టులో దాని స్థానంలో ఉత్తుత్తిదాన్ని పెట్టి, ‘ఎంత పంపినా సక్సెస్ అను’ అని మేమే రాసిపెట్టాం. అది అలాగే అంది. ప్రశ్నపత్రం మేమే తయారుచేసి, మేమే దిద్దుకుని, నూటికి నూరు వేసుకున్నట్టయింది. గేట్‌వే టెస్ట్ మోడ్‌కి ఒక్క రీఫండ్ పంపి, జమైన మొత్తం చూసుకున్నా ఆ రాత్రి టెన్షన్ తప్పేది.

అమీర్‌పేటలో కోర్సు చేసి ఇంటర్వ్యూకి వచ్చే పిల్లలు స్ప్రింగ్ బూట్ యానొటేషన్ల (కోడ్‌లో @ గుర్తుతో రాసే సూచనలు) పేర్లు గడగడా చెప్తారు. ‘దేన్ని మాక్ చేయకూడదు?’ అంటే ఆగిపోతారు. తప్పు వాళ్లది కాదు. మా ఆఫీసుల్లో మేమూ ఆ ప్రశ్న వేసుకోవడం లేదు.

విచ్చలవిడి మాక్‌లతో బిల్డ్ (కోడ్‌ని కంపైల్ చేసి టెస్టులు నడిపే పని) కూడా నత్తనడక నడుస్తుంది. స్ప్రింగ్ ఒకసారి లేపిన అప్లికేషన్ కాంటెక్స్ట్‌ని (బీన్లన్నీ సిద్ధంగా ఉండే సెటప్) కాష్‌లో దాచుకుని, అదే కాన్ఫిగరేషన్ ఉన్న మిగతా టెస్టులకూ వాడుతుంది. ఒక క్లాసులో రెండు బీన్లు, ఇంకో క్లాసులో వేరే మూడు మాక్ చేస్తే రెండూ వేర్వేరు కాన్ఫిగరేషన్లే, కాంటెక్స్ట్ మళ్లీ మొదటి నుంచి లేవాలి. పైగా ఆ కాష్‌లో డిఫాల్ట్‌గా 32 కాంటెక్స్ట్‌లకే చోటు. లెక్కలు, నియమాలు ఉన్న కోడ్‌కి అసలు స్ప్రింగ్ అక్కర్లేదు, జేయూనిట్ అనే టెస్ట్ లైబ్రరీ చాలు. కంట్రోలర్లకు, అంటే వెబ్ రిక్వెస్టులు అందుకునే కోడ్‌కి, వెబ్ భాగాన్ని మాత్రమే లేపే వెబ్ఎంవీసీటెస్ట్ ఉంది. డేటాబేస్‌కైతే టెస్ట్‌కంటెయినర్స్ అనే లైబ్రరీతో అసలుదాన్నే లేపడం నయం.

ఇప్పుడు అందరికీ ఒక అవకాశం వచ్చింది. స్ప్రింగ్ బూట్ 3.4లో, 2024 నవంబరులో, టెస్టుల్లో మాక్‌లు పెట్టే మాక్‌బీన్ యానొటేషన్‌ని డెప్రికేట్ చేశారు, అంటే ఇక వాడొద్దన్నారు. 4.0లో తీసేశారు. దాని స్థానంలో మాకిటోబీన్ వాడాలి. చాలామంది ఫైండ్ అండ్ రీప్లేస్ కొట్టేసి ఊరుకుంటారు. ఉమ్మడి కాన్ఫిగరేషన్ క్లాసులో మాక్‌లు పెట్టుకున్నవాళ్లకు అదీ కుదరదు, మాకిటోబీన్ అక్కడ పనిచేయదు. ఎలాగూ ఫైలు తెరుస్తున్నారు కదా, ప్రతి మాక్ దగ్గరా ఒక్క క్షణం ఆగి అది ఎందుకుందో అడగండి. మేం అలాగే చేస్తున్నాం. ఎస్ఎంఎస్ పంపే బీన్‌కి మాక్ ఉంచాం. రీఫండ్ టెస్టులో మాత్రం బయటికి వెళ్లే మొత్తం 45000 పైసలు అని సరిచూసే లైను చేరింది.