కూర్చోనివ్వని కొలువు

ఆషాఢం ఆఫర్లు మొదలయ్యాయంటే హైదరాబాద్ అమీర్‌పేటలోనైనా, విజయవాడ బీసెంట్ రోడ్డులోనైనా వస్త్ర దుకాణాల్లో కాలు మోపే చోటుండదు. కొనుగోలుదారుల కోసం కౌంటర్ ముందు స్టూళ్లు వేసి ఉంటాయి. చీర ఎంపిక తేలేదాకా ఎదురుచూడవలసిన భర్తల కోసం ఓ మూల సోఫా కూడా ఉంటుంది. కౌంటర్‌కు అవతల, పొద్దుటి నుంచి రాత్రి షట్టర్ దించేదాకా చీర మీద చీర విప్పి చూపించి, మళ్లీ అదే మడతలో సర్దిపెట్టే అమ్మాయికి మాత్రం చాలా దుకాణాల్లో కూర్చునే చోటు లేదు. చోటున్నా కూర్చునే అనుమతి లేదు.

తక్కువ జీతం, టార్గెట్ల ఒత్తిడి, పండుగ పూట దొరకని సెలవు, క్యాష్ లెక్కలో తేడా వస్తే జీతంలో కోత వంటి రిటైల్ ఉద్యోగపు కష్టాలు పాఠకులకు కొత్త కావు. వీటిలో ప్రతిదానికీ యాజమాన్యం లాభనష్టాల లెక్క ఏదో ఒకటి చూపగలదు. బేరం లేని మధ్యాహ్నం వేళ కూడా మనిషిని నిలబెట్టి ఉంచడానికి మాత్రం ఏ లెక్కా లేదు. అందుకే ఈ కొలువు అసలు స్వభావం అక్కడే బయటపడుతుంది.

ఫ్లోర్ మేనేజర్ అటు తిరగగానే ర్యాక్‌కు నడుం ఆనించడం, బరువును ఒక కాలి మీద నుంచి మరో కాలి మీదకు మార్చుకోవడం, సాయంత్రానికి పాదాలు వాచి చెప్పుల పట్టీ వదులు చేసుకోవడం అక్కడ రోజూ కనిపించేవే. ఏళ్ల తరబడి ఇలా నిలబడితే పిక్కల్లో సిరలు ఉబ్బుతాయి, నడుం పట్టేస్తుంది. మరుగుదొడ్డికి వెళ్లాలన్నా అడిగి వెళ్లవలసిన చోట ఆడపిల్లలు నీళ్లు తాగడమే తగ్గించేస్తారు. దాని ఫలితం మూత్రనాళ ఇన్ఫెక్షన్లు.

కేరళలో పోరాటం మొదలైంది కూడా మరుగుదొడ్డి దగ్గరే. కోజికోడ్ మిఠాయి వీధి దుకాణాల్లో పనిచేసే మహిళలు, దర్జీ పని చేసుకునే పి. విజి నాయకత్వంలో, ముందు మరుగుదొడ్ల కోసం, ఆ తర్వాత కూర్చునే హక్కు కోసం ఏళ్ల తరబడి పోరాడితే, 2018లో ఆ రాష్ట్రం దుకాణాల చట్టాన్ని సవరించింది. 2021లో తమిళనాడు తన చట్టంలో 22-ఏ సెక్షన్ చేర్చి అదే బాట పట్టింది. నిలబడి పనిచేసే వారికి ఆసనాలు ఉండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 44వ సెక్షనే చెప్పింది. బ్రిటన్ అయితే దుకాణాల్లో ముగ్గురు మహిళా ఉద్యోగులకు ఒక సీటు చొప్పున ఉండాలని 1899లోనే చట్టం చేసింది. అంటే మనం వెనకబడింది ఏడాదో రెండేళ్లో కాదు.

కూర్చున్న సేల్స్‌గర్ల్‌ను చూస్తే కస్టమర్ పక్క షాపుకు పోతాడని, ఆన్‌లైన్ పోటీలో మర్యాద ఒక్కటే తమకు మిగిలిన పెట్టుబడి అని యజమానులు అంటారు. పోటీ నిజమే, కాదనను. కానీ అదే షాపులో క్యాష్ కౌంటర్ దగ్గర యజమాని బంధువు కూర్చునే డబ్బు తీసుకుంటాడు. ఏ కస్టమరూ అలిగి వెళ్లిపోలేదు. ఐరోపా సూపర్‌మార్కెట్లలో క్యాషియర్లు కూర్చునే బిల్లు వేస్తారు.

పైగా నిలబడి అమ్మడం మన బజారు సంప్రదాయమే కాదు. పాత బట్టల కొట్లో తెల్ల దుప్పటి పరిచిన పరుపు మీద గుమాస్తా, కొనేవాళ్లు ఎదురెదురుగా కూర్చునేవారు. చెప్పులు బయటే ఉండేవి, బేరం తాపీగా సాగేది, అమ్మేవాడి గౌరవానికి లోటేమీ రాలేదు. అద్దాల షోరూమ్ వచ్చాక గుమాస్తా లేచి నిలబడవలసి వచ్చింది. ఆ నిలబెట్టడం ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకోవడానికి విదేశాల దాకా వెళ్లనక్కరలేదు. దొర ఎదుట మంచం మీద కూర్చోవడం నేరమైన గడీలు, కామందు వస్తే అరుగు దిగి నిలబడవలసిన ఊళ్లు మన తాతల జ్ఞాపకంలో ఇంకా ఉన్నాయి. నిలబడినవాడు చిన్నవాడు, కూర్చున్నవాడు పెద్దవాడు అన్న ఆ లెక్క భూస్వామ్యంతో పోలేదు. ఏసీ పెట్టుకుని, యూనిఫాం కుట్టించుకుని షోరూమ్‌లోకి మకాం మార్చింది. డబ్బు పెట్టి చీర మాత్రమే కొంటున్నామనుకునే మనం, ఎదుట ఒక మనిషి వినయంగా నిలబడి ఉండాలన్న ముచ్చటకు కూడా అందులోనే ధర కడుతున్నాం. ఊళ్ల నుంచి వచ్చి యాజమాన్యం చూపిన హాస్టల్‌లో తలదాచుకునే అమ్మాయికి ఎదురు చెప్పే వీలు ఎంత తక్కువో, ఆ వినయం అంత నిండుగా దొరుకుతుంది. ఆఫీసులో బంట్రోతు, అపార్ట్‌మెంట్ గేటు దగ్గర వాచ్‌మన్, పెళ్లిలో వడ్డించే కుర్రాడు అనుభవిస్తున్నదీ ఇదే.

ప్రభుత్వాల చూపు మాత్రం గడియారం మీదే ఉంది. దుకాణాలు 24 గంటలూ తెరిచి ఉంచుకునేందుకు తెలంగాణ 2023లో వీలు కల్పించింది. ఆంధ్రప్రదేశ్ 2025లో రోజువారీ పని పరిమితిని 10 గంటలకు పెంచేలా దుకాణాల చట్టాన్ని సవరించింది. నిలబడి పనిచేసే వారికి కూర్చునే ఏర్పాటు ఉండాలన్న మాట 2025 నవంబరు నుంచి అమల్లోకి వచ్చిన కేంద్ర కార్మిక చట్టమైన వృత్తి భద్రత కోడ్‌లో ఉన్నా, పదిమందికి తక్కువ పనిచేసే మామూలు దుకాణానికి అది సాధారణంగా వర్తించదు. ఆ మాటను రెండు రాష్ట్రాలూ తమ దుకాణాల చట్టంలోనే స్పష్టంగా రాసుకోవాలి. కుర్చీ వేయడంతో పాటు బేరం లేనప్పుడు అందులో కూర్చోనివ్వాలని కూడా అందులో ఉండాలి. కార్మిక శాఖ తనిఖీలు సరుకు కదలని రోజుల్లో కాకుండా, ఆషాఢంలోనూ దసరా ముందు వారంలోనూ, సాయంత్రం ఏడు దాటాక జరగాలి.