‘వూడూ హత్య’ అని తేల్చేశాక దర్యాప్తుకు ఏం మిగులుతుంది?

1911 నవంబరు చివర్లో అమెరికాలోని లూసియానా రాష్ట్రం, లాఫయెట్ అనే ఊళ్లో ఒక నల్లజాతి కుటుంబాన్ని నిద్రలో ఉండగానే గొడ్డలితో నరికి చంపారు. పసిపిల్లల్ని కూడా వదల్లేదు. ఆ దగ్గర్లోనే ఇంటిపని చేసుకు బతికే క్లెమెంటీన్ బార్నబెట్ అనే నల్లజాతి అమ్మాయి గదిలో నెత్తురు అంటిన బట్టలు దొరికాయి. ఆమెకు అప్పటికి ఇరవై ఏళ్లు నిండలేదు. కొన్ని నెలలకు ఆమె నేరం ఒప్పుకుంది. ఒక మంత్రగాడి దగ్గర తాయెత్తు కొన్నామని, అది ఒంటిమీద ఉంటే పోలీసులు తమనేమీ చేయలేరని నమ్మామని చెప్పింది.

ఆ ఒక్క మాటతో కేసు రూపం మారిపోయింది. లూసియానా, టెక్సస్ పేపర్లు నరబలులిచ్చే ‘శాక్రిఫైస్ చర్చి’ ఒకటి ఉందని రాశాయి. ఆఫ్రికా నుంచి బానిసలతో పాటు వచ్చిన వూడూ అనే మతానికి పూజారిణి అంటూ ఆ అమ్మాయికి బిరుదులు తగిలించాయి. పోలీసులు ఒక పాస్టర్‌ను అదుపులోకి తీసుకున్నారు. తీరా చూస్తే ఆయనది ‘శాంక్టిఫైడ్’ అనే పేరున్న మామూలు క్రైస్తవ సంఘం. ఆయన్ను వదిలేశారు. తాయెత్తు అమ్మాడన్న మనిషి తనకేమీ తెలియదన్నాడు, అతన్నీ వదిలేశారు. 1912 అక్టోబరులో క్లెమెంటీన్‌కు మాత్రం యావజ్జీవ శిక్ష పడింది.

వూడూ హత్యల గుట్టు విప్పే నల్లజాతి మహిళా డిటెక్టివ్ కథ ఎక్కడ కనబడినా నేను వదలకుండా చదువుతాను. చదివిన ప్రతిసారీ ఈ లాఫయెట్ కేసే గుర్తొస్తుంది. నల్లజాతి మహిళ, వూడూ, హత్య అన్న మూడు మాటలు ఒకే వార్తలో వచ్చినప్పుడు ఆమె నిలబడింది బోనులో. ప్రశ్నలు అడిగే కుర్చీలో కూర్చునే వీలు ఆ కాలంలో ఆమెకు లేదు. లాస్ ఏంజెలెస్‌లో జార్జియా ఆన్ రాబిన్సన్ పోలీసు అధికారిగా నియమితురాలైంది 1919లో. అమెరికాలో తొలి నల్లజాతి మహిళా పోలీసుల్లో ఆమె ఒకరు. అంటే లాఫయెట్ హత్యలు జరిగిన ఎనిమిదేళ్లకు.

ఆ కుర్చీలో అలాంటి మనిషి కూర్చుని ఉంటే ఏం అడిగేది? ముందు క్యాలెండర్ చూసేది. క్లెమెంటీన్ జైల్లో ఉండగానే 1912 జనవరిలో అదే రాష్ట్రంలోని లేక్ చార్లెస్‌లో ఇంకో కుటుంబాన్ని ఇలాగే చంపారు. ఏప్రిల్‌లో టెక్సస్‌లోని శాన్ ఆంటోనియోలోనూ అదే జరిగింది. తర్వాత మ్యాప్ చూసేది. ఇలాంటి హత్యలు జరిగిన క్రౌలీ, లాఫయెట్, లేక్ చార్లెస్, శాన్ ఆంటోనియో, ఇవన్నీ సదరన్ పసిఫిక్ రైలు మార్గం మీద ఉన్న ఊళ్లే. చనిపోయినవాళ్లంతా నల్లజాతి కుటుంబాలే. రాత్రి రైలు దిగి, పని ముగించుకుని, మళ్లీ రైలెక్కి పోయినవాడు ఎవడో ఉన్నాడా? దర్యాప్తు అంటే ఆ ప్రశ్న వెనకాల పోవడం. ‘వూడూ’ అన్న మాట దొరికాక ఆ అవసరమే లేదనుకున్నారు. క్లెమెంటీన్ నిర్దోషి అని నేను అనడం లేదు. గదిలో నెత్తుటి బట్టలు ఉన్నాయి, ఆమే ఒప్పుకుంది. కానీ ఒక్కరిని పట్టుకుని రెండు రాష్ట్రాల హత్యల లెక్క మూసేయడానికి ఆ మాట ఎంతో సాయపడింది.

అసలు వూడూ అంటే ఏమిటో కూడా చెప్పుకోవాలి. ఇది పశ్చిమాఫ్రికాలో, ఇప్పటి బెనిన్ ప్రాంతంలో ఫాన్ ప్రజలు మాట్లాడే భాషలోని మాట. ఆత్మ, దైవం అని అర్థం. బెనిన్‌లో ఏటా జనవరిలో దాని పేరు మీద జాతీయ పండగ చేస్తారు. బానిసలుగా అమ్ముడుపోయిన జనంతో పాటు అది కరీబియన్ దీవులకు చేరి, కాథలిక్ సెయింట్లను కలుపుకుని హైతీలో ఒక మతంగా నిలబడింది. 1791లో బ్వా కైమాన్ దగ్గర జరిగిన వూడూ పూజలోనే బానిసలు తిరుగుబాటుకు ప్రమాణం చేశారని హైతీ వాళ్లు చెప్పుకుంటారు. ఆ తిరుగుబాటే 1804లో స్వతంత్ర దేశమైంది. లూసియానాలో జనం నమ్మే తాయెత్తులు, వేర్లు, పసర్ల వైద్యాన్ని హూడూ అంటారు, అది వేరు. ఈ తేడా తెలియని డిటెక్టివ్ మొదటి రోజే దారి తప్పుతుంది.

బానిసల చేతిలో ఓడిన యజమానులకు ఆ మతం మీద కోపం ఉండటంలో వింత లేదు. దానికి కోర్టు ముద్ర కూడా దొరికింది. 1864 ఫిబ్రవరిలో హైతీ రాజధాని పోర్ట్-ఓ-ప్రిన్స్‌లో, ఒక పాపను బలిచ్చి తిన్నారన్న అభియోగం మీద ఎనిమిది మందిని కాల్చి చంపారు. నలుగురు మగవాళ్లు, నలుగురు ఆడవాళ్లు. బ్రిటిష్ దౌత్యవేత్త స్పెన్సర్ సెయింట్ జాన్ విచారణకు స్వయంగా హాజరై, ఇరవై ఏళ్ల తర్వాత రాసిన పుస్తకంలో ఈ కేసును ప్రపంచానికంతా చెప్పాడు. నల్లవాళ్లకు పాలన చేతకాదన్న వాదనకు దాన్ని సాక్ష్యంగా వాడాడు. అదే పుస్తకంలో ఇంకో సంగతి కూడా ఉంది. నిందితుల్లో ఒకామె కోర్టులోనే, ఒప్పుకున్న మాట నిజమే గానీ దానికి ముందు నన్ను ఎంత ఘోరంగా కొట్టారో గుర్తు తెచ్చుకోండి అంది. నూటనలభై ఏళ్లుగా ఆ పుస్తకం నుంచి నరబలిని ఎత్తి రాసినవాళ్లు చాలామంది. ఈ వాక్యం దగ్గర ఆగినవాళ్లు తక్కువ.

మంచి డిటెక్టివ్ ఆగాల్సింది అక్కడే.

నాకు నచ్చని కథల రకం ఒకటుంది. అందులో డిటెక్టివ్‌కు అమ్మమ్మ రక్తంలోంచి ఏదో శక్తి వస్తుంది, కలలో హంతకుడు కనిపిస్తాడు. నల్లజాతి స్త్రీకి తెలివి కష్టపడి రాదు, పుట్టుకతో వస్తుంది అని చెప్పినట్టే కదా ఇది! 1901లోనే నల్లజాతి రచయిత్రి పాలీన్ హాప్కిన్స్ ‘హేగర్స్ డాటర్’ అనే సీరియల్ నవలలో వీనస్ జాన్సన్ అనే పనిమనిషి చేత నేర పరిశోధన చేయించింది. వీనస్ అబ్బాయి వేషం వేసుకుని వెళ్లి, ఎత్తుకుపోయినవాళ్ల ఆచూకీ పట్టుకుంటుంది. ఏ దేవతా ఆమెకు చెవిలో చెప్పదు.

నిజ జీవితంలో ఈ పాత్రకు అందరికంటే దగ్గరగా వచ్చింది జోరా నీల్ హర్‌స్టన్ అనుకుంటాను. ఆమె పోలీసు కాదు, మానవ శాస్త్రం చదివిన రచయిత్రి. న్యూ ఆర్లీన్స్‌లో హూడూ గురువుల దగ్గర శిష్యరికం చేసింది. దీక్ష కోసం 69 గంటలు తిండి లేకుండా బోర్లా పడుకుంది. 1936లో హైతీ వెళ్లింది. అక్కడ గొనాయీవ్ ఆసుపత్రిలో ఒకామెను చూపించి, 1907లోనే చచ్చిపోయి జాంబీగా తిరిగొచ్చిందని చెప్పారు. హర్‌స్టన్ ఆమె ఫొటో తీసింది. ఇందులో మంత్రమేమీ లేదని, ఏదో మందు పెట్టి ఉంటారని ఊహించింది. అంతా గుసగుసలతో సరిపెట్టుకునే చోట ఆమె మందు గురించి ఆలోచించింది. అది పెద్ద అడుగు. అయినా, చచ్చిపోయిన మనిషి ఈమేనా అన్న ప్రశ్నను మాత్రం ఆమె దాటేసింది.

ఆ ప్రశ్న అడిగింది హైతీ సైకియాట్రిస్టు లూయీ మార్స్. చనిపోయినామెకు కాలు విరిగి కుంటి ఉండేది. ఆసుపత్రిలో ఉన్నామె కాలుకు ఎక్స్‌రే తీస్తే విరిగిన గుర్తే లేదు. కొన్నాళ్లు మంచి తిండి పెట్టాక ఆమె కుంటడం కూడా మానేసింది. ఆమె వేరే మనిషి. మతి చెడి రోడ్డున పడ్డ ఒక ఆడమనిషిని పట్టుకుని, చచ్చిపోయిన మా మనిషే అని ఒక కుటుంబం తీసుకెళ్లింది. జాంబీల మీద ఎన్ని సినిమాలొచ్చాయో లెక్కలేదు గానీ, ఆ ఎక్స్‌రే సంగతి ఎంతమందికి తెలుసు? వూడూ హత్యల డిటెక్టివ్ కథ రాసేవాళ్లు ముందు చదవాల్సింది ఆ కేసు. హర్‌స్టన్‌లా ఆ మనుషుల మధ్య కూర్చోగలగాలి, మార్స్‌లా ఎక్స్‌రే కూడా అడగాలి. నల్లజాతి మహిళా డిటెక్టివ్ మీద నాకున్న ఆశ ఇదే. పూజగదిలో కోడి నెత్తురు చూసి ఆమె అదిరిపోదు, అలాగని అక్కడ విన్నదాన్నల్లా నమ్మదు.

ఇదంతా పాతకాలం గొడవ కాదు. 2003లో హైతీ ప్రభుత్వం వూడూను మతంగా అధికారికంగా గుర్తించింది. ఆ తర్వాత కూడా, 2010 భూకంపం వెనకాలే కలరా వచ్చినప్పుడు, రోగం వీళ్లే తెచ్చారంటూ పదుల సంఖ్యలో వూడూ పూజారులను జనం కొట్టి చంపారు. 2024 డిసెంబరులో పోర్ట్-ఓ-ప్రిన్స్‌లోని సిటే సొలే మురికివాడలో ఒక గ్యాంగ్ నాయకుడి కొడుక్కి జబ్బు చేసింది. ముసలివాళ్లు చేతబడి చేశారని ఒక పూజారి అతనికి చెప్పాడని వార్తలొచ్చాయి. కొద్ది రోజుల్లో కనీసం 207 మందిని చంపారని ఐక్యరాజ్యసమితి లెక్క తేల్చింది. ఎక్కువమంది వృద్ధులే. వూడూ పేరుతో ముడిపడిన హత్యలంటే మన ఊహలో పూజారి హంతకుడు, ఇక్కడ పూజలు చేసుకునే ముసలివాళ్లు శవాలు. చెప్పినవాడూ ఒక పూజారే కాబట్టి, మతాన్ని వెనకేసుకొస్తూ కళ్లు మూసుకున్నా కుదరదు.

ఈ వార్త చదువుతుంటే తెలుగువాళ్లకు వేరే దేశం అనిపించదు. పిల్లాడికి జ్వరం తగ్గదు, ఎవరో ఒక పేరు చెబుతారు, తెల్లారేసరికి ఒంటరి ముసలామెను చంపి పడేస్తారు. తెలంగాణ పల్లెల్లో చేతబడి, బాణామతి అనుమానం మీద జరిగిన హత్యలు ఎన్ని చదవలేదు! జన విజ్ఞాన వేదిక కార్యకర్తలు దశాబ్దాలుగా ఊరూరా తిరిగి చెబుతూనే ఉన్నారు. మన పేపర్లలో హెడ్డింగ్ మాత్రం ఇంకా ‘చేతబడి చేశాడని హత్య’ అనే వస్తుంది. ఆ మనిషికి ఎంత పొలం ఉంది, ఎవరితో గెట్టు తగాదా ఉంది, మొదట పేరు చెప్పింది ఎవరు అన్నవి చాలాసార్లు లోపలి పేరాల్లో కూడా దొరకవు.

క్లెమెంటీన్ బార్నబెట్‌ను 1923లో జైలు నుంచి వదిలారు. ఆ తర్వాత ఆమె ఎటు వెళ్లిందో ఏ రికార్డులోనూ లేదు. ఆమె జైల్లో ఉన్నప్పుడు లేక్ చార్లెస్‌లో, శాన్ ఆంటోనియోలో గొడ్డలి పట్టుకున్నది ఎవరో ఇప్పటికీ తేలలేదు.