ఫుట్‌పాత్ మీద నడుస్తారట!

మా మేనల్లుడు బెంగళూరులో సివిల్ ఇంజనీరు. పండక్కి కడపకొచ్చి, పొద్దున్నే మూడు కారం దోసెలు తిని, చెయ్యి కడుక్కుంటూ ఒక మాటన్నాడు. "మామా, మన వీధులన్నీ తవ్వి మళ్లీ కట్టాల."

తవ్వడం వరకు నాకు ఏ అభ్యంతరమూ లేదు. అది మనకు అలవాటే. నీళ్ల పైపు కోసం ఒకరు తవ్వుతారు, వాళ్లు పూడ్చి పోగానే కేబుల్ కోసం ఇంకొకరు తవ్వుతారు. మళ్లీ కట్టాల అన్న దగ్గరే నాకు టెన్షన్ మొదలైంది.

వాడు చెప్పేదేమంటే, ఫుట్‌పాత్ మీద కనీసం 1.8 మీటర్ల వెడల్పు ఖాళీగా ఉండాలట. అంచు ఎత్తు 15 సెంటీమీటర్లు దాటకూడదట, ముసలివాళ్లు కూడా ఎక్కగలగాలట. రోడ్లకు కొలతలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ అనే సంస్థ వాళ్లు ఎప్పుడో రాసిపెట్టారట. రాసినవాళ్లు ఒక్కసారి మా వీధికి వచ్చి ఉంటే కలం కిందపెట్టేవాళ్లు.

మా ఇంటి ముందు నుంచి సందు చివరి వరకు ఫుట్‌పాత్ మీద ఎవరెవరు కాపురం ఉంటున్నారో చూడండి. మొదట ట్రాన్స్‌ఫార్మర్, ఇనుప కంచెతో సహా. దానికి ఆనుకొని టైలర్ షాపు మెట్లు మూడు. పుట్టినరోజు ఎప్పుడో అయిపోయినా చిరునవ్వు తగ్గని ఒక నాయకుడి ఫ్లెక్సీ, దాని కట్టెలు. తర్వాత మిరపకాయ బజ్జీల బండి, బజ్జీలకు వచ్చినవాళ్ల బండ్లు. చివరగా నా స్కూటరు. తొమ్మిదేళ్లుగా అదే చోటు, ఒక అడుగు అటూ ఇటూ జరిగింది లేదు.

మధ్యలో మురుగుకాలువ మీద బండ లేచిపోయిన కంత ఒకటుంది. కడప బండలు దేశమంతా తిరిగి ఎవరెవరి వంటింటి గట్టుగానో కుదురుకున్నాయి గానీ, మా కాలువ మీదికి మాత్రం ఒకటి తక్కువైంది. ఆ కంతలో ఎవరో పుణ్యాత్ముడు వేపకొమ్మ గుచ్చి పోయాడు, పడబోయేవాళ్లకు గుర్తుగా. అది వాడిపోతే ఇంకొకరు పచ్చి కొమ్మ మారుస్తారు. ప్రజల భాగస్వామ్యం అంటే ఇది కాదా?

ఇంతమందిని లేపేసి అక్కడ మనుషులను నడిపిస్తాడట! నడిచేవాడు ఎంతసేపుంటాడు, రెండు నిమిషాలు. ట్రాన్స్‌ఫార్మర్ ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది. ఎవరికి హక్కు ఎక్కువ?

హక్కు అనగానే వాడికి ఊపొచ్చింది. నడవడానికి ఫుట్‌పాత్ ఉండడం రాజ్యాంగం 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమేనని 2025లో సుప్రీంకోర్టు చెప్పిందన్నాడు. మనిషికి 21 ఉంది సరే, నా స్కూటరుకు ఎన్నో అధికరణం అని అడిగాను. సమాధానం లేదు.

తర్వాత రోడ్డును సన్నం చేయాలన్నాడు. వెడల్పు రోడ్డు కనపడితే కాలు దానంతటదే యాక్సిలరేటర్ తొక్కుతుందట. మలుపు బిగుతుగా ఉంటే బండి తనంతట తానే నెమ్మదిస్తుందట. "వేగం రెండింతలైతే గుద్దినప్పుడు దెబ్బ నాలుగింతలు మామా" అన్నాడు. చదువు చెప్పించడంలో ఇదొక నష్టం.

మాకు స్పీడ్ బ్రేకర్ ఉందిలేరా అన్నాను. టేపు తీసుకుని బయల్దేరాడు. పద్ధతి ప్రకారం 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలట. మాది పక్కింటి పిల్లోడు బండి కింద పడబోయి బయటపడిన రాత్రి వీధివాళ్లం చందాలేసుకుని పోయించుకున్నది. ఎత్తులో మేం ఎక్కడా రాజీ పడలేదు. వెడల్పు తలదిండంత. రంగు వేయలేదు. తెలిసినవాళ్లు ఆగుతారు, తెలియనివాళ్లు తెలుసుకుంటారు.

"పోనీ జీబ్రా చారలు చూపించు" అన్నాడు. టైర్లు నాకేయగా మిగిలిన చారను పట్టుకోవడం కలివికోడిని పట్టుకున్నంత పని. ఆ పక్షి 1900 తర్వాత ఎవరి కంటా పడలేదు. ఇక లేదనుకున్నాక 1986లో మన జిల్లాలోనే కనిపించింది. దానికోసం లంకమలలో అభయారణ్యం పెట్టారు, తెలుగుగంగ కాలువ దారే మళ్లించారు. మా ఊళ్లో నడిచేవాడూ అచ్చం దాని మాదిరే, వెలుతురుకు బెదురుతూ పొద ఉన్న చోటల్లా నక్కి, సందు దొరికితే పరుగెత్తుతాడు. కాలువ పక్షి కోసం పక్కకు తిరిగింది. మనిషి కోసం బజ్జీల బండి కూడా తిరగలేదు.

చివరికి ఫోన్ తీసి ఒక లెక్క చదివాడు. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో పోయినవాళ్లు 1,68,491 మంది, అందులో నడిచిపోతున్నవాళ్లే 32,825. రోజుకు తొంభై మంది. కేంద్రం వేసిన లెక్కే. "చూసుకొని నడవాల" అందామని నోరు తెరిచి, కాఫీ తాగేశాను.

ఆ సాయంత్రం బయటికొస్తే నా స్కూటరుకు అడ్డంగా ఎవరిదో కారు. ఫుట్‌పాత్ మీద కారు పెట్టేంత బుద్ధిలేనివాళ్లు కూడా ఉంటారు! చేసేది లేక ఏడురోడ్ల కూడలి దాకా నడిచాను. తిరుమలకు తొలి గడప మా ఊరేనంటారు. గడప దాటడం ఎంత పనో ఆ పొద్దు తెలిసింది. పది నిమిషాలు నిలబడ్డా. రెండుసార్లు అడుగు ముందుకేసి, మూడుసార్లు వెనక్కేశా.

పక్కనున్న ముసలామె నన్ను కిందికీ పైకీ చూసింది. "యాం నాయనా, దాటేకి రాదా?" అని నా చెయ్యి పట్టుకుంది. రెండో చేతిలోని చుక్కాకు కట్ట పైకెత్తి నేరుగా నడిరోడ్డు మీదికి దిగింది. ఎదురుగా బస్సు. నేను డ్రైవరు ముఖంలోకి చూశాను, దయ ఏమైనా దొరుకుతుందేమోనని.

"వాళ్లకల్లా సూడాకు నాయనా" అంది తల తిప్పకుండానే. "సూస్తే ఆగరు."